తక్కువ కరెంటుతో నడిచే ఇంటి సర్వర్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్

రేయింబవళ్లు ఆన్‌లో ఉండే యంత్రానికి ప్రతి వాటూ లెక్కలోకి వస్తుంది. సగటున 10 వాట్లు తీసుకునే మినీ పీసీ ఏడాదికి సుమారు 88 యూనిట్లు వాడితే, 60 వాట్ల పాత డెస్క్‌టాప్ 525 యూనిట్లు దాటిస్తుంది. చిన్న పెట్టెను ఎంచుకునేటప్పుడు పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) లేనిదే డిస్క్‌లోని డేటాను చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్‌కు సాధారణంగా వాడే ఏఈఎస్ అనే సైఫర్ (సంకేత పద్ధతి)కు దాని ప్రాసెసర్‌లో హార్డ్‌వేర్ మద్దతు ఉందో లేదో తప్పక చూడాలి. ఇంటెల్ ఎన్100లోనూ, రాస్ప్‌బెర్రీ పై 5లోనూ అది ఉంది. పై 4లో లేదు. లేని బోర్డుల మీద, ఆ మద్దతు లేకున్నా వేగంగా నడిచే అడియాంటమ్ అనే సైఫర్ వాడడం మేలు.

ఇన్‌స్టలేషన్‌లో పెద్ద చిక్కేమీ లేదు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ల (డిస్క్ విభాగాల) దశ రాగానే మొత్తం డిస్క్‌ను ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం (డిస్క్‌ను భాగాలుగా పంచే పద్ధతి)గా ఎంచుకుంటే, బూట్ పార్టిషన్లు తప్ప, ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌తో సహా అంతా లక్స్ అనే లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ రక్షణలోకి వస్తుంది.

అసలు సమస్య కరెంటు పోయి వచ్చినప్పుడు ఎదురవుతుంది: మానిటర్, కీబోర్డు లేని సర్వర్ పాస్‌ఫ్రేజ్ కోసం ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతుంది. దీనికి డ్రాప్‌బేర్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి; డ్రాప్‌బేర్ అనేది ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) కోసం ఓ చిన్న సర్వర్ ప్రోగ్రామ్. తర్వాత మీ ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీని దాని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేర్చి, డిస్క్ తెరుచుకోకముందే నడిచే చిన్న బూట్ వ్యవస్థ అయిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను అప్‌డేట్ చేయాలి. ఇకపై మరో కంప్యూటర్ నుంచి రూట్‌గా లాగిన్ అయి, క్రిప్ట్‌రూట్-అన్‌లాక్ అని కొట్టి పాస్‌ఫ్రేజ్ ఇస్తే బూట్ ముందుకు సాగుతుంది. ఆ దశలో వైఫై మామూలుగా పనిచేయదు కాబట్టి సర్వర్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, రూటర్‌లో దానికి మారని ఐపీ కేటాయించాలి. డ్రాప్‌బేర్‌కు వేరే పోర్టు ఇవ్వడం కూడా అవసరమే. లేకుంటే దాని హోస్ట్ కీ (సర్వర్ తన గుర్తింపుగా చూపే కీ), అసలు సిస్టమ్ హోస్ట్ కీ వేరువేరు కావడంతో, ఎవరో మధ్యలో చొరబడ్డారేమో అన్నట్టు ఎస్‌ఎస్‌హెచ్ హెచ్చరిస్తుంది.

కీలను తనలో దాచుకునే టీపీఎం అనే భద్రతా చిప్‌తో డిస్క్ దానంతటదే తెరుచుకునే ఏర్పాటు కూడా ఉంది. అయితే డిస్క్‌ను ఊడదీసి పట్టుకెళ్లే దొంగను అది ఆపుతుంది గానీ, పెట్టెను యథాతథంగా ఎత్తుకెళ్తే, ప్రత్యేకంగా పిన్ పెట్టుకోనంత వరకూ, ఆ యంత్రం అతని దగ్గరా తనే తెరుచుకుంటుంది. అందువల్ల ఇంటి సర్వర్‌కు డ్రాప్‌బేర్ పద్ధతే తగినదని నా అభిప్రాయం. ఏ పద్ధతైనా, సర్వర్ నడుస్తున్నంతసేపూ డిస్క్ తెరిచే ఉంటుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చే చొరబాటుకు ఇది మందు కాదు.

చివరగా, డిస్క్‌ను తెరిచే కీల సమాచారం ఉండే లక్స్ హెడర్ పాడైతే పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా డేటా దక్కదు. లక్స్‌ను నడిపే క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్‌లోని లక్స్‌హెడర్‌బ్యాకప్ ఆదేశంతో ఆ హెడర్‌కు ప్రతి తీసి, సర్వర్‌కు బయట భద్రపరచాలి. పాస్‌ఫ్రేజ్ మార్చిన రోజున పాత ప్రతిని చెరిపి కొత్తది తీయాలి. ఎందుకంటే ఆ పాత ప్రతి దొరికినవారు పాత పాస్‌ఫ్రేజ్‌తోనే డిస్క్‌ను తెరవగలరు.