వార్డులో ఉన్నవారికి కంప్యూటర్‌పై మెదడు సాధన చేయించడం ఎలా?

నిద్ర పడుతోంది, ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినబడటం తగ్గింది, అన్నం తింటున్నాడు. కానీ క్యాంటీన్ నుంచి రెండు ఇడ్లీ, ఒక టీ తెమ్మంటే సగం దారి వెళ్లి తిరిగొచ్చి, "ఏం తెమ్మన్నావమ్మా?" అంటాడు. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడే, భ్రమలు కలిగే మానసిక జబ్బు)తో కొడుకుని ఆసుపత్రిలో చేర్చిన తల్లులు ఇది చూసే ఉంటారు. దయచేసి బద్ధకమని తిట్టకండి. శ్రద్ధ, జ్ఞాపకశక్తి, ఆలోచించే వేగం ఈ జబ్బులో దెబ్బతింటాయి. భ్రమలను తగ్గించే మందులు వీటిని పెద్దగా బాగుచేయలేవు. కాగ్నిటివ్ ట్రైనింగ్, అంటే కంప్యూటర్ మీద ఆటల్లాంటి అభ్యాసాలతో చేయించే మెదడు సాధన, అవసరం ఇక్కడే పడుతుంది.

1. ముందు డాక్టరుతో మాట్లాడండి

ఆవేశం తగ్గి, పావుగంట కుదురుగా కూర్చోగలిగినప్పుడు మొదలుపెట్టొచ్చు. మందులు కూడా ఒకసారి చూడమనండి. చేతుల వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తిని మందగింపజేయగలదు. అలాగని మీరే ఆపేయకండి, మార్చాలో లేదో డాక్టరే చెప్పాలి. కరెంటు చికిత్స (ఈసీటీ) ఇచ్చిన రోజు సాధన వద్దు. కళ్లజోడు ఉంటే ఇంటి నుంచి తెప్పించండి.

2. ఆ మనిషిని అడగండి

చికిత్స గురించి తెలుసుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. ఎందుకు చేయిస్తున్నామో చెప్పి, ఒప్పుకుంటేనే కూర్చోబెట్టండి. "మీకు ఏ పని మళ్లీ బాగా చేయాలని ఉంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. పాలు పోసిన లెక్క రాయడమో, బస్సు నంబరు గుర్తుపెట్టుకోవడమో, ఏదైనా సరే.

3. మౌస్ పట్టుకోవడం వచ్చో రాదో చూడండి

మా వార్డులో మేము ఇక్కడే పొరపాటు చేశాం. యాభై దాటిన ఒకావిడ మౌస్‌ను బల్ల మీద నుంచి ఎత్తి, టీవీ రిమోట్‌లా తెర వైపు చూపించింది. మేము గమనించలేదు. స్కోరు తక్కువ వచ్చిందని జ్ఞాపకశక్తి తక్కువని రాసేశాం. మర్నాడు తాకే తెర ఉన్న టాబ్లెట్ ఇస్తే అవే బొమ్మలను వేలితో టకటకా తాకింది. అందుకే మొదటి రోజు స్కోరు రాయకండి, చేయి అలవాటు పడనివ్వండి. సూచనలు ఇంగ్లీషులో ఉంటే బొమ్మలతో ఉండే అభ్యాసాలు ఎంచుకుని, తెలుగులో మీరే చెప్పండి.

4. పక్కనే కూర్చోండి

వారానికి మూడు రోజులు, ఒక్కోసారి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు చాలు. అభ్యాసాన్ని పది ప్రశ్నల్లో ఎనిమిది సరిగ్గా వచ్చే స్థాయిలో ఉంచండి. వరసగా తప్పులొస్తే మనిషి నీరుగారిపోతాడు.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెళ్లిపోతే ఉపయోగం చాలా తగ్గుతుంది. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో, ఇలాంటి సాధనపై జరిగిన 130 పరిశోధనలను, 8,851 మంది ఫలితాలను కలిపి చూశారు. చురుగ్గా సాయపడే థెరపిస్టు ఉన్నచోట, ఉపాయాలు నేర్పినచోట, రోజువారీ జీవితపు శిక్షణతో జోడించినచోట మేలు ఎక్కువగా కనిపించింది.

కాబట్టి ప్రతి అభ్యాసం తర్వాత, "ఎలా గుర్తుపెట్టుకున్నారు?" అని అడగండి. తెలియదంటే ఒక ఉపాయం చూపించండి. పది అంకెల ఫోన్ నంబరును మనం ముక్కలు చేసి చెప్పుకుంటాం కదా, అలాగే. పెదవులు కదుపుతూ పైకి అనుకోవడం కూడా పనికొస్తుంది.

5. అదే రోజు వార్డులో వాడించండి

తెర మీద మూడు వస్తువులు గుర్తుపెట్టుకున్నవారికి సాయంత్రం మూడు వస్తువుల పని చెప్పండి: సబ్బు, బిస్కెట్లు, పేపరు. చీటీ రాసి ఇవ్వకండి, నేర్చుకున్న ఉపాయం గుర్తుచేయండి. రెండే తెచ్చినా, ఆ రెండూ ఎలా గుర్తున్నాయో అడగండి. ఈ మెట్టు వదిలేస్తే ఆటలో స్కోరు పెరుగుతుందేమో గానీ క్యాంటీన్ దారి అలాగే ఉండిపోతుంది.

6. డిశ్చార్జికి ముందే మాట్లాడుకోండి

వార్డులో ఉండే రోజులు ఈ సాధనకు సరిపోవు. ఓపీలో కొనసాగించగలరా అని సైకాలజిస్టును అడగండి. కుదరకపోతే ఇంట్లో కాగితం, పెన్నుతోనైనా చేయించవచ్చు. కుటుంబ సభ్యుల తోడుతో ఇంట్లోనే చేసే ఇలాంటి శిక్షణపై బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రచురించారు. మధ్యలో సందేహమో టెన్షనో వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఓపీకి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తెచ్చుకోండి. మొదటి పేజీలో రాసుకున్న పని ఎంతవరకు వచ్చిందో డాక్టరుకు చూపించాలి.