కిరాణా షాపు సిబ్బందికి ఆహార భద్రత శిక్షణ: ఎవరిని పంపాలి, ఎలా నమోదు చేయాలి

మాకు తెలిసిన ఒక కిరాణా షాపు యజమాని ఈ మధ్య తన దగ్గర పనిచేసే ఏడుగురికీ ఏడు శిక్షణ సర్టిఫికెట్లు కొన్నారు. కొన్నారు అనే అనాలి, ఎందుకంటే ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా ఏ తరగతికీ వెళ్లలేదు. లేకపోతే షాపు మూయిస్తారని మధ్యవర్తి భయపెట్టాడట. నిజానికి ఆయనకు కావలసింది ఒక్కటి.

ముందుగా గోడకు తగిలించిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పత్రం చూడండి. అందులో 14 అంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె 1 అయితే మీది లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజరు తప్పనిసరిగా ఉండాలన్నది లైసెన్సుదారులకు పెట్టిన నియమం. సరుకు తాకే ప్రతి 25 మందికి ఒకరు చొప్పున ఉండాలి. ఏడుగురున్నా ఒకరే, 26 మంది ఉంటే ఇద్దరు. రిజిస్ట్రేషన్‌తో నడిచే చిన్న షాపువారు నేర్చుకుంటే మంచిదే గాని, ఎవరో బెదిరించారని డబ్బు కట్టనవసరం లేదు.

నమోదు పెద్ద పని కాదు. శిక్షణ కార్యక్రమం పేరు ఫోస్టాక్. దాని పోర్టల్లో మీ ప్రాంతానికి దగ్గరలో జరిగే తరగతి చూసుకుని, గుర్తింపు కార్డులో ఉన్న పేరుతోనే అభ్యర్థిని నమోదు చేయాలి. కోర్సుల్లో మీకు సంబంధించింది రిటైల్ అండ్ డిస్ట్రిబ్యూషన్. బేసిక్ సుమారు నాలుగు గంటలు, అడ్వాన్స్‌డ్ ఎనిమిది గంటలు. లైసెన్సు ఉన్నవారు అడ్వాన్స్‌డ్ చూసుకోవాలి. చివర చిన్న పరీక్ష ఉంటుంది కాబట్టి తెలుగులో చెప్పే బ్యాచ్ ఉందేమో ముందే అడగండి. పాఠం అర్థం కాక తప్పినవారు ఉన్నారు.

చాలామంది పొరపాటు పడేది ఎవరిని పంపాలన్న దగ్గరే. ఫారంలో యజమాని పేరో, లెక్కలు రాసే గుమాస్తా పేరో పెట్టేస్తారు. వారు పొద్దంతా గల్లా దగ్గరే ఉంటారు. పప్పు డబ్బాలో చెయ్యి పెట్టేవారు వేరు.

పంపే ముందు ఒక ఉదయం షాపులో ఊరికే నిలబడి చూడండి. పాల ప్యాకెట్లు రాగానే పాతవాటి ముందు కొత్తవి పేర్చేది ఎవరు? నోట్లు లెక్కపెట్టిన చేత్తోనే పనీర్ తూచేది ఎవరు? బెల్లం బస్తా నేల మీద ఆనించినది, గోధుమపిండి పక్కన ఫినాయిల్ సీసా పెట్టినది ఎవరు? ఫ్రిజ్ 5 డిగ్రీల లోపే ఉందో లేదో ఎవరైనా చూస్తున్నారా, లేక రాత్రి కరెంటు ఆదా కోసం ఆపేస్తున్నారా? కాగితం మీద పేరు, చేసే పని, కనబడిన లోపం అని మూడు గళ్లు గీసి రాసుకోండి. ఎవరికి ఏమి నేర్పాలో ఆ కాగితమే చెబుతుంది. విడిగా తూచేవారు, ప్యాకెట్లు కట్టేవారు, ఫ్రిజ్ చూసేవారు ముందు వరుసలో ఉంటారు. లోపల సమోసాలో కేకులో చేసే కౌంటర్ ఉంటే అక్కడివారి శిక్షణ వేరు, రిటైల్ కోర్సుతో సరిపెట్టవద్దు.

వెళ్లివచ్చిన మనిషి మిగతావారికి నేర్పాలి, అందుకే సూపర్‌వైజరు అన్నారు. కాబట్టి నలుగురూ మాట వినే మనిషిని, కనీసం రెండేళ్లు మీ దగ్గర ఉంటాడనిపించే మనిషిని ఎంచుకోండి. సర్టిఫికెట్ షాపు పేరున కాదు, మనిషి పేరున వస్తుంది. గడువు రెండేళ్లు. అతను మానేస్తే అదీ వెళ్లిపోతుంది. మొదట చెప్పిన యజమాని దగ్గర ఇప్పటికే ఇద్దరు మానేశారు.

తరగతికి వెళ్లకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవారిని నమ్మవద్దు. తనిఖీకి వచ్చిన అధికారి మీ సూపర్‌వైజర్ని పిలిచి ఫ్రిజ్ గురించి రెండు ప్రశ్నలు అడిగితే చాలు, గుట్టు బయటపడుతుంది. రుసుము శిక్షణ సంస్థకే కట్టి రశీదు తీసుకోండి. అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉచిత నంబరు 1800112100.

అన్నట్టు, ఈ సర్టిఫికెట్ ఉంది కదా అని ఏటా చేయించాల్సిన వైద్య పరీక్ష మానేస్తున్నవారిని చూశాను. అది వేరు, ఇది వేరు. సరుకు తాకే ప్రతి ఒక్కరికీ డాక్టరు సంతకంతో ఏటా ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. రెండూ ఒకే ఫైలులో పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది.