డ్యురాంగో ఆవిరి రైలును, దాని చరిత్రను కలిపి చూసి రావడం ఎలా?

అమెరికాలో కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూలన, కొండల నడుమ ఉన్న చిన్న ఊరు డ్యురాంగో. అక్కడి నుంచి సిల్వర్‌టన్‌కు 45 మైళ్ళ దారిలో ఆవిరి ఇంజిన్ రైలు ఇప్పటికీ నడుస్తోంది. డెన్వర్, డల్లాస్, ఫీనిక్స్ వైపు ఉండే మనవాళ్ళు మీసా వెర్డే నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్తే, దారిలోనే కదా అని ఒక రోజు ఈ రైలెక్కి వచ్చేయొచ్చు. కానీ అలా చూస్తే సగమే చూసినట్టు. ఆ పట్టాలు అక్కడికి ఎందుకు వచ్చాయో, ఎవరి నేల మీద పడ్డాయో తెలుసుకుని ఎక్కాలి. దీనికి రెండు రోజులు కేటాయించండి.

1. ముందు తేదీ చూసుకోండి

సిల్వర్‌టన్ దాకా వెళ్ళే రైలు సుమారుగా మే నుంచి అక్టోబరు వరకే నడుస్తుంది. చలికాలంలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి 26 మైళ్ళ దూరంలోని క్యాస్కేడ్ క్యాన్యన్ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములతో వాన పడడం మామూలే. ఆకులు పసుపు రంగుకు తిరిగే సెప్టెంబరు చివర నాకు అన్నిటికంటే ఇష్టం. టికెట్లు మాత్రం ముందే తీసుకోండి.

2. మొదటి రోజు ఊళ్ళోనే ఉండండి

1873లో బ్రూనో ఒప్పందం పేరుతో అమెరికా ప్రభుత్వం వాళ్ళు ఇక్కడి మూలవాసులైన యూట్ తెగల నుంచి శాన్ వాన్ కొండల్లో దాదాపు 37 లక్షల ఎకరాలు తీసుకున్నారు. బదులుగా ఏటా 25,000 డాలర్లు ఇస్తామన్నారు. కొండల్లో వెండి, బంగారం ఉన్నాయని తెలిసి గనుల వాళ్ళు అప్పటికే లోపలికి వచ్చేశారు. ఈ రైలు కథ మొదలయ్యేది ఇక్కడే. స్టేషన్‌లో మొదలుపెడితే అసలు విషయం తప్పిపోతుంది.

తర్వాత రైలు కంపెనీ వచ్చింది. డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే వాళ్ళు దగ్గర్లోని అనిమస్ సిటీ అనే ఊరితో, రైలు అక్కడికి తేవడానికి బేరం పెట్టారు. ఊరు ఒప్పుకోలేదు. కంపెనీ రెండు మైళ్ళు దక్షిణంగా జరిగి, 1880లో తన సొంత ఊరినే కట్టేసుకుంది. అదే డ్యురాంగో. అనిమస్ సిటీ చివరికి దీనిలోనే కలిసిపోయింది. రైలు ఎటు పోతే ఊరి బతుకు అటు పోయిన కాలం అది.

ఇది మనసులో పెట్టుకుని మెయిన్ అవెన్యూలో నడవండి. స్ట్రేటర్ హోటల్ 1887 నాటి ఎర్ర ఇటుకల కట్టడం. కట్టించిన హెన్రీ స్ట్రేటర్ మందుల షాపు యజమాని. అక్కడ దిగే స్తోమత లేకపోయినా లాబీ దాకా వెళ్ళి చూడండి. స్టేషన్ వెనక ఇంజిన్లు నిలిపే రౌండ్‌హౌస్‌లో మ్యూజియం ఉంది, దాన్ని వదలొద్దు.

3. రైల్లో కుడివైపు కూర్చోండి

వెళ్ళేటప్పుడు కుడివైపు సీటు అడగండి. రాక్‌వుడ్ దాటాక హైలైన్ అనే చోట పట్టాలు కొండ అంచునే పోతాయి. కిటికీలోంచి కిందికి చూస్తే మన కళ్ళకూ అనిమస్ నదికీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు. ఎడమవైపు కూర్చున్నవాళ్ళకు చేయి చాపితే తగిలేంత దగ్గరగా రాతిగోడ. దాన్ని మందుగుండుతో పేల్చి దారి చేశారు. మన బ్రాడ్ గేజ్ వెడల్పు ఐదున్నర అడుగులు, ఈ పట్టాల వెడల్పు మూడే అడుగులు. ఇరుకు పట్టాలైతే ఖర్చు తక్కువ, పైగా బాగా వంపు తిరిగిన మలుపుల్లోనూ బండి తిరుగుతుంది. డ్యురాంగోకు 1881 ఆగస్టులో రైలు వస్తే, సిల్వర్‌టన్‌కు 1882 జూలైకల్లా చేరింది. పైనుంచి ఖనిజం దించి డ్యురాంగోలో కరిగించేవారు.

లాగే ఇంజిన్లు 1923, 1925ల్లో తయారైనవి. బొగ్గుతో నడిచిన రోజుల్లో రానుపోను ప్రయాణానికి దాదాపు ఆరు టన్నుల బొగ్గును ఫైర్‌మన్ పారతోనే పొయ్యిలోకి వేసేవాడు. 2018 జూన్‌లో ఇక్కడ 54,000 ఎకరాల అడవిని కాల్చిన కార్చిచ్చు ఈ రైలు నిప్పురవ్వ వల్లే అంటుకుందని ఫెడరల్ దర్యాప్తు తేల్చింది. ఆ తర్వాత ఇంజిన్లను ఆయిల్‌కు మారుస్తూ వచ్చారు. పాతకాలపు అందం తగ్గిందని బాధపడే అభిమానులున్నారు. నాకైతే ఆ అడవి మిగలడమే ముఖ్యం.

ఒక్కో వైపు ప్రయాణం దాదాపు మూడున్నర గంటలు. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఒకవైపు రైల్లో, మరోవైపు బస్సులో వచ్చే టికెట్ ఉందేమో అడగండి. బస్సు దారిలో దాదాపు 10,900 అడుగుల ఎత్తున ఉన్న మోలాస్ పాస్ కూడా కనిపిస్తుంది.

4. సిల్వర్‌టన్‌లో సమయం జాగ్రత్త

రైలు ఆగేది సుమారు రెండు గంటలే. అందరూ ఒకేసారి దిగి హోటళ్ళ మీద పడతారు, శాకాహారులకు దొరికేది అసలే తక్కువ. తినడానికి ఏమైనా వెంట ఉంచుకోండి. ఊరు 9,318 అడుగుల ఎత్తులో ఉంది, అంటే డ్యురాంగో కంటే దాదాపు 2,800 అడుగులు ఎక్కువ. గబగబా నడిస్తే ఆయాసం వస్తుంది. మంచినీళ్ళు తాగుతూ ఉండండి.

గ్రీన్ స్ట్రీట్ పెద్దమనుషుల వీధి. పక్కనే ఉన్న బ్లెయిర్ స్ట్రీట్ సారా దుకాణాలు, జూదశాలలు, వేశ్యాగృహాల వీధి. రెండూ నడిచి చూడండి. 1902లో కట్టిన పాత జైలు ఇప్పుడు మ్యూజియం. ఆ రాత్రి సిల్వర్‌టన్‌లోనే ఉండగలిగితే మరీ మంచిది. ఓల్డ్ హండ్రెడ్ గని లోపలికి చిన్న బండిలో తీసుకెళ్తారు, ఎండాకాలంలోనూ జాకెట్ తప్పనిసరి. 1929లో కట్టి, 1991 దాకా ఖనిజం ఆడించిన మేఫ్లవర్ మిల్లు కూడా దగ్గరే.

గనుల కథ మిల్లుతో ముగియలేదు. మూతపడిన గోల్డ్ కింగ్ గని నుంచి 2015 ఆగస్టు 5న సుమారు 30 లక్షల గ్యాలన్ల కలుషిత నీరు పొంగి, అనిమస్ నది నారింజ రంగుకు తిరిగింది. రైలు పక్కన పారేది ఆ నదే.

5. తిరుగు దారిలో ఇగ్నాసియో వెళ్ళండి

డ్యురాంగోకు ఆగ్నేయంగా ఉన్న ఈ ఊళ్ళో సదరన్ యూట్ తెగ సాంస్కృతిక కేంద్రం, మ్యూజియం ఉన్నాయి. ఒప్పందాలు, గనులు, రైలు గురించి రెండు రోజులు విన్నాక, అదే నేల గురించి యూట్‌ల మాట అక్కడ వినొచ్చు. బయల్దేరే ముందు తెరిచి ఉండే రోజులు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.