లైబ్రరీలో బ్రెయిలీ పద్యం ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

నేను బ్రెయిలీని, అంటే ఉబ్బెత్తు చుక్కల లిపిని, వేళ్లతో తడిమి చదువుతాను. పుట్టి పెరిగింది గుంటూరు, ఉద్యోగం విజయవాడ. లైబ్రరీకి వెళ్లి బ్రెయిలీ పుస్తకాలు అడిగితే నాకు ఎక్కువగా వినపడే జవాబు ఇది: "ఉన్నాయమ్మా, బీరువాలో ఉన్నాయి. తాళం సార్ దగ్గరుంది." అలా ఉన్న పుస్తకం లేనట్టే లెక్క. మీ ఊరి లైబ్రరీలో ఈ పద్ధతి మార్చాలనుకుంటే ఒక్క పద్యంతో మొదలుపెట్టండి. నవలను బ్రెయిలీలోకి మారిస్తే లావుపాటి సంపుటాలవుతుంది. పద్యానికి ఒక్క కాగితం చాలు.

ముందు ఆటవెలదో, కందమో తీసుకోండి. సీసపాదం పొడుగు, బ్రెయిలీలో ఒక లైనుకు పట్టదు. పాత శతక పద్యాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన గుంటూరువాళ్లు జాషువా పద్యమే కావాలంటారు, నాకూ అదే ఇష్టం. ఆయన పోయింది 1971లో. కాపీరైట్ కవి తర్వాత 60 ఏళ్లుంటుంది కాబట్టి అచ్చుతో సహా బోర్డు మీద పెట్టాలంటే అనుమతి అడగండి. చూపులేనివాళ్లు చదువుకోవడానికి లాభాపేక్ష లేకుండా బ్రెయిలీ ప్రతి చేసి ఇవ్వడానికి మాత్రం 2012 చట్టసవరణ వీలిచ్చింది.

రాయడానికి బ్రెయిలీ పలక, స్టైలస్ (చుక్కలు గుచ్చే మొన), డ్రాయింగ్ షీటంత మందం కాగితం కావాలి. పలక మీద కుడి నుంచి ఎడమకు గుచ్చుతాం, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతాం. తెలుగుకు వాడేది భారతి బ్రెయిలీ, మన దేశ భాషలకు ఉమ్మడిగా చేసిన పద్ధతి. ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది. అందులో ఒత్తులు కింద వేలాడవు. 'పద్యం' అని రాయాలంటే ప, తర్వాత ఒంటరిగా నాలుగో చుక్క, ఆపైన ద, య, చివర సున్నా. మొత్తం ఐదు గడులు. ఆ ఒక్క చుక్క జారితే 'పదయం' అయిపోతుంది, గణాలు చెడిపోతాయి. అందుకే గోడకెక్కించే ముందు బ్రెయిలీ వచ్చినవాళ్లతో తప్పకుండా చదివించండి. ప్రతి పాదం కొత్త లైనులో మొదలవ్వాలి. లైనులో పట్టక మిగిలిన ముక్కను కింది లైనులో రెండు గడులు వదిలి రాయండి.

ఇక అసలు సంగతి, ఎక్కడ పెట్టాలి? పొద్దున్నే అందరూ పేపర్లు తిరగేసే బల్ల ఉంటుంది చూడండి, దాని పక్కనే. ర్యాంపు దగ్గరో, మూలనో వద్దు. ఎత్తు ఛాతీ దాటకూడదు. తల పైన ఉన్న లైన్లు చదవాలంటే మణికట్టు విరగ్గొట్టుకోవాలి. వాలుగా ఉన్న చెక్క పలకైతే ఇంకా హాయి. దయచేసి అద్దం బిగించకండి, లామినేషన్ చేయించకండి. పద్యాన్ని అద్దం వెనక పెట్టి "చూడండి, బ్రెయిలీ పెట్టాం" అని నాకు చూపించినవాళ్లున్నారు. నా వేళ్లకు అందింది అద్దమే. బ్రెయిలీ కిందే పెద్ద అక్షరాల్లో అచ్చు పద్యం, "ముట్టుకోవచ్చు" అన్న మాట ఉండాలి. పక్కనున్న పిల్లలు అదేంటని ముట్టుకుని చూస్తారు. అలా ముట్టుకోవాలనే నా కోరిక.

తర్వాత ఆ బీరువా సంగతి. పుస్తకాలు బయటికి తెచ్చి కవిత్వం అరలోనే నిలబెట్టమనండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే చుక్కలు అణిగిపోతాయి. అట్ట మీద అచ్చులోనూ పేరుండాలి, అప్పుడే అక్కడ పనిచేసేవాళ్లు వెతికివ్వగలుగుతారు.

అర్జీ జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి రాయండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. పైగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది విజయవాడలోనే. అడగడానికి మొహమాటమెందుకు?

మొదలుపెట్టడానికి జనవరి 4, లూయీ బ్రెయిలీ పుట్టినరోజు, మంచి రోజు. విజయవాడలో పుస్తక మహోత్సవం కూడా మామూలుగా ఆ రోజుల్లోనే జరుగుతుంది. ఆ రోజు బ్రెయిలీ చదివేవాళ్ల చేత పద్యం పైకి చదివించండి. రాగం తీసేవాళ్లయితే మరీ మంచిది.

పద్యం వారానికొకటి మార్చగలిగితే సరే, లేదంటే నెలకొకటి. ఎక్కువమంది ముట్టుకున్న కాగితం త్వరగా అరుగుతుంది. అరిగిందో లేదో కంటితో తేల్చకండి, చదివేవాళ్లను అడిగి కొత్తది పెట్టండి.