రాష్ట్ర ప్రభుత్వ విధానంలో మార్పు కోరే స్వచ్ఛంద సంస్థలకు సూచనలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక (బడ్జెట్‌లో ఆ వర్గాల కోసం జనాభా నిష్పత్తిలో విడిగా కేటాయించే వాటా) నిధులకు 2013లో చట్టబద్ధత లభించడం వెనుక, నిధుల మళ్లింపును బడ్జెట్ లెక్కలతో సహా నిలదీసిన దళిత, గిరిజన సంఘాల కృషి ఉంది. అలాంటి కృషి మొదలుపెట్టే ముందు, మీ సమస్యకు కొత్త చట్టం కావాలా, జీవో సరిపోతుందా, లేక ఉన్న జీవోయే అమలు కావడం లేదా అన్నది తేల్చుకోవాలి. మూడోదే ఎక్కువగా ఎదురవుతుందని నా అభిప్రాయం.

తరువాత సంబంధిత శాఖ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. కేటాయింపు ఎంతో మాత్రమే అడిగి ఊరుకోకుండా, ఏ పద్దు కింద ఎంత విడుదలైందో, ఎంత ఖర్చయిందో జిల్లాల వారీగా అడగాలి. పేదలకు జరిగే అన్యాయం చాలావరకు ఆ అంకెల మధ్య తేడాలోనే దాగి ఉంటుంది. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

బడ్జెట్ శాసనసభ ముందుకు వచ్చాక అంకెలు మారడం అరుదు కనుక, శాఖలు అంచనాలు తయారుచేసే దశలోనే రెండు పేజీలకు మించని వినతిపత్రంతో, బాధితులను వెంటబెట్టుకొని, కార్యదర్శిని కలవాలి. అదే అంశంపై ప్రశ్న వేయమని పాలక, ప్రతిపక్ష శాసనసభ్యులిద్దరినీ కోరి, మంత్రి సభలో ఇచ్చిన సమాధానం ప్రతిని తీసుకొని గ్రామస్థాయిలో సరిచూడాలి.