స్టియా నుంచి సెరీ ఆ దాకా: ఇటలీలో ఫుట్‌బాల్ కోచ్ అయ్యే దారి

ఇటలీలో ఆటగాళ్లు కోచ్‌ను 'మిస్టర్' అని పిలుస్తారు. ఆ పిలుపు అందుకోవాలంటే ఒకప్పటి స్టార్ ఆటగాడే అయ్యుండాలని లేదు. అర్రిగో సాక్కీ ఏనాడూ ప్రొఫెషనల్‌గా ఆడలేదు, అయినా మిలాన్‌కు 1989, 1990లో వరుసగా యూరోపియన్ కప్ గెలిపించాడు. లైసెన్సు మాత్రం తప్పదు.

శిక్షణ కేంద్రం ఫ్లోరెన్స్‌లోని కోవెర్చానో. ఇటలీ లీగుల్లో సెరీ ఆ అన్నిటికంటే పైది, దాని కింద వరుసగా బి, సి, డి. లైసెన్సులు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూయెఫా పేరుతో బి, ఏ, ప్రో అని మూడు మెట్లుగా ఉంటాయి. యూయెఫా బి ఉంటే సెరీ డి వరకు పనిచేయొచ్చు. ఏ ఉంటే సెరీ సి జట్టుకు హెడ్ కోచ్, పై రెండు లీగుల్లో సహాయకుడు కావచ్చు. సెరీ ఆ, సెరీ బి హెడ్ కోచ్‌కు ప్రో కావాలి. సీట్లు తక్కువ. ఆటగాడిగా, కోచ్‌గా చేసిన పనికి పాయింట్లు వేసి ఎంపిక చేస్తారు. ఆడిన చరిత్ర లేనివాళ్లు ఆ పాయింట్లను కోచింగ్‌లోనే కూడబెట్టుకోవాలి కాబట్టి, చిన్న జట్టయినా సరే, సీజన్ ఖాళీగా పోనివ్వకండి.

ప్రో చివర్లో థీసిస్ సమర్పించాలి. యువెంటస్ కోచ్‌గా ప్రకటించాక, 2020 సెప్టెంబరులో మాజీ ఆటగాడు ఆంద్రియా పిర్లో దాన్ని పూర్తి చేశాడు. అలాంటి మినహాయింపు చూసి తొందరపడొద్దు, ఆ ఉద్యోగం అతనికి ఒక్క సీజనే నిలిచింది. మౌరీజియో సార్రీ దారి వేరు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే 1990లో టస్కనీలోని స్టియా అనే చిన్న జట్టుతో మొదలుపెట్టాడు. ఎంపోలీతో సెరీ ఆలో అడుగుపెట్టింది 2014లో, 55వ ఏట.

మొదటి పెద్ద ఉద్యోగంలో చాలామంది దెబ్బతినేది ఒకే పద్ధతిని పట్టుకు వేలాడినందువల్ల. పార్మా క్లబ్ కోచ్‌గా కార్లో అంచెలోత్తి 4-4-2 అమరికను (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) వదలలేదు. అందులో సరైన చోటు దొరక్క ఫార్వర్డ్ ఆటగాడు జోలా 1996లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది స్టార్ ఆటగాడు రోబెర్తో బాజ్జో వస్తానన్నా, అతన్ని స్ట్రైకర్ల వెనక ఆడించేది లేదన్నాడు అంచెలోత్తి. తర్వాత యువెంటస్‌లో జిదాన్ కోసం అమరికనే మార్చాడు. కాబట్టి ముందు చేతిలో ఉన్న ఆటగాళ్ల జాబితా రాసుకుని, ఆ తర్వాతే పద్ధతి ఎంచుకోండి.

ఇక 'ఎసోనెరో', అంటే తొలగింపు. ఒప్పందం గడువు ముగిసేదాకా జీతం ఆగదు, మీరు ఆ క్లబ్‌కు కట్టుబడే ఉంటారు. ఇంకో క్లబ్ పిలిస్తే ముందు ఇరుపక్షాల అంగీకారంతో ఒప్పందం రద్దు చేసుకోవాలి. అయితే కొత్త కోచ్ కూడా విఫలమైతే పాతవాణ్ణే వెనక్కి పిలవడం అక్కడ మామూలే. అందుకే తొలగించాక కూడా ఆ జట్టు ఆటలన్నీ చూస్తూ, గాయాలు, ఫామ్ రాసి పెట్టుకోండి.