ఏనుగు గట్ల మాట్లాడాలంటే గట్లే రాయాలి: చిన్నపిల్లలతో కథలు, బొమ్మలు, ఆటలు

మొన్నటి కాదు, అంతకు ముందరి వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు కారిడార్‌లో క్రికెట్ ఆడి ట్యూబ్‌లైటు పగలగొట్టారు. పెద్దలంతా మీటింగు పెట్టి తేల్చిందేమిటంటే, నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి రోజూ సాయంత్రం ఓ గంట వాళ్లని మేడ మీద కూర్చోబెట్టి ఏదో ఒకటి నేర్పించాలి. ట్యూబ్‌లైటు పగలగొట్టింది వాళ్లు, శిక్ష నాకు. సరే, అప్పట్నించి చేస్తూనే ఉన్నాను. మీ వీధిలోనో మీ ఇంట్లోనో అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలతో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, నేను చేసిన తప్పులు మీరూ చేయనక్కర్లేదు.

ముందు ఏమీ కొనకండి. నేను స్కెచ్ పెన్నులు, చార్టులు, మెరుపుల పొడి అన్నీ కొనుక్కొచ్చాను, మొదటి రోజంతా ఎర్ర పెన్ను కోసం కొట్టుకోవడంతోనే గడిచిపోయింది. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు, బీరువాలో పడున్న శుభలేఖలు, సుద్దముక్కలు, బొగ్గు, తడిపిన పసుపు, ఇవి చాలు. పిల్లలు ఎనిమిది మందికి మించొద్దు. అంతకంటే ఎక్కువైతే మీరు చేసేది ట్రాఫిక్ పోలీసు పనే. కూర్చునే చోటు నలుగురికీ కనబడేలా ఉండాలి, ఎవరో ఒక అమ్మో నాన్నో తాతయ్యో దగ్గర్లో ఉండాలి. పిల్లల ఫోటోలు అడగకుండా స్టేటస్‌లో పెట్టొద్దు, ఇది గట్టిగానే చెబుతున్నాను.

మొదటి రోజు పేర్లు తెలియాలి కదా, దానికి ‘వీరీ వీరీ గుమ్మడిపండు, వీరి పేరేమి’ కంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. ఒకరి కళ్లు మూసి, ఇంకొకరిని ముందుకి పిలిచి, ఎవరో చెప్పమనడం. రెండు రౌండ్లయ్యాక పేరు బదులు గుర్తు చెప్పమనండి: ‘ముందు పన్ను లేదు, సైకిల్ ఉంది, తొక్కడం రాదు.’ చూశారా, అక్కడే రాయడం మొదలైపోయింది. పేరు చెప్పకుండా వస్తువుని చెప్పడమేగా పొడుపుకథంటే. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని మీరొకటి వేసి, కనురెప్పలని వాళ్లు విప్పాక, ఇంట్లో ఉన్న దేని మీదైనా ఒకటి కట్టమనండి. మా దగ్గర ఆరేళ్ల పిల్ల కట్టింది: ‘లోపలంతా చలి, తలుపు తీస్తే లైటు, ఎక్కువసేపు తీస్తే అమ్మ తిట్టు.’ ఫ్రిజ్!

ఇప్పుడు అసలు చిక్కు. ఈ పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం, తెలుగు నోట్లో ఉంటుంది గానీ చేతిలో ఉండదు. కథ రాయమంటే మూడు వాక్యాల్లో చేతులెత్తేస్తారు, తప్పు వాళ్లది కాదు, ఒత్తులతో కుస్తీ పట్టేలోపు కథ పారిపోతుంది. అందుకని వాళ్లు చెప్తుంటే మీరు రాయండి. చెప్పింది చెప్పినట్టు. ‘పోయిండు’ అంటే ‘పోయిండు’ అనే రాయండి, ‘వెళ్లాడు’ అని దిద్దకండి. మా మూడో అంతస్తు పాప చెప్పిన కథలో ఏనుగు ‘గట్ల జేస్తె ఎట్ల’ అంటుంది, నేను తెలివిగా ‘అలా చేస్తే ఎలా’ అని మార్చి చదివితే ‘మా ఏనుగు గట్ల మాట్లాడదు ఆంటీ’ అని కాగితం లాగేసుకుంది. తనే రాసుకునే పిల్లలుంటే వాళ్ల అక్షరదోషాల జోలికి అప్పుడే పోకండి, చివర్లో పుస్తకం కుట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూసుకోవచ్చు.

బొమ్మల దగ్గర నేను నేర్చుకున్నది నోరు మూసుకోవడం. ఒక బుడ్డోడు చక్కగా ఇల్లు వేశాడు, కిటికీలు, కుక్క, చెట్టు అన్నీ వేసి, ఆనక బొగ్గు తీసుకుని కాగితమంతా నల్లగా రుద్దేశాడు. ‘అయ్యో, పాడు చేశావేంట్రా’ అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆగి, ఇక్కడేమైందని అడిగితే, ‘కరెంటు పోయింది’ అన్నాడు. కాబట్టి వాళ్ల బొమ్మ మీద మీ పెన్సిల్ పెట్టకండి, బోర్డు మీద కొబ్బరిచెట్టు వేసి చూసి వేయమనకండి. ప్రతిదానికీ ‘సూపర్’ అనడం కూడా మానేయండి, నాలుగు రోజుల్లో ఆ మాటకి విలువ పోతుంది. ‘కుక్క ఎటు చూస్తోంది?’ లాంటి ఒక్క ప్రశ్న చాలు, కథ దానంతటదే బయటికొస్తుంది.

రాయడం, బొమ్మ, ఆట మూడూ ఒక్కచోట కావాలంటే వైకుంఠపాళి చేయించండి. వారం రోజుల పని. శుభలేఖ వెనక అయిదు అడ్డం, అయిదు నిలువు, ఇరవై అయిదు గళ్లు. పాములూ నిచ్చెనలూ ఎందుకున్నాయో వాళ్లే గడిలో రాయాలి, నాలుగు మాటలు మించకుండా. మా వాళ్ల పటంలో నిచ్చెన ‘అమ్మమ్మ వచ్చింది’. ఇరవై నాలుగో గడిలో, పండే ముందు, నోరు తెరుచుకుని ఉన్న పాము పేరు ‘ట్యూషన్’. పాచికలకి రెండు చింతగింజలు పగలగొట్టి నాలుగు బద్దలు చేసుకోండి, తెల్లవైపు ఎన్ని పడితే అన్ని గళ్లు, నాలుగూ నల్లగా పడితే అష్టాచెమ్మాలోలాగా ఎనిమిది. ఓడినవాళ్లు ఏడుస్తారు. ఏడవనివ్వండి, కాసేపయ్యాక వాళ్లే వచ్చి పాముని చెరిపేసి ఇంకోచోట వేస్తామంటారు, అదీ రాయడమే.

ఏమీ మాట్లాడని పిల్ల ఒకరు ప్రతి గుంపులోనూ ఉంటారు. బతిమాలకండి. చింతగింజల కాపలా అప్పగించండి, చాలు.

చివరి పది నిమిషాలు ఎవరో ఒకరి కథ పైకి చదవాలి, ఊ కొట్టడానికి రోజుకొకర్ని పెట్టాలి. సెలవులు అయిపోయేలోపు, అంటే జూన్‌లో బడులు తెరిచేలోపు, కాగితాలన్నీ సూదీ దారంతో కుట్టి పుస్తకం చేయండి. తమ మాట అచ్చులాగా కనిపిస్తే పిల్లలకి వచ్చే ఊపు వేరు. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారూ అక్కయ్య కామేశ్వరిగారూ ‘బాల’ పత్రిక పెడితే, ముళ్లపూడి వెంకటరమణగారు రాయడం, బాపుగారు బొమ్మలు వేయడం చిన్నతనంలో అందులోనే మొదలయ్యాయి.

ఇక పెద్ద కథ కావాలంటే ఏడు చేపల కథ ఉండనే ఉంది. ‘చేపా చేపా ఎందుకెండలేదు’ అంటే గడ్డిమోపు మీదకి తోస్తుంది, అది ఆవు మీదకి, అలా చీమ దాకా. తప్పు పక్కవాళ్ల మీదకి తోయడం పిల్లలకి ఒకరు నేర్పక్కర్లేదు కదా, వస్తువు మారిస్తే కథ దానంతటదే నడుస్తుంది. మా వాళ్లు ‘ట్యూబ్‌లైటూ ట్యూబ్‌లైటూ, ఎందుకు పగిలావు?’ అని మొదలుపెట్టారు. బంతి తగిలింది. బంతీ బంతీ, ఎందుకు తగిలావు? కారిడార్ ఇరుకు. కారిడారూ కారిడారూ, నీ దగ్గర ఎందుకు ఆడుతున్నారు? కింద ఆడుకునే చోటు లేదు. చోటూ చోటూ, ఎక్కడికి పోయావు? నా మీద కార్లు పెట్టారు. కారూ కారూ, ఎందుకొచ్చావు? ‘నా బంగారు పార్కింగ్‌లో ఆడితే ఊరుకుంటానా!’

దీన్ని తర్వాతి నెల మీటింగులో ఎనిమిది మందీ కలిసి చదివారు. మా ప్రెసిడెంటుగారికి రెండు కార్లు. ఆ రోజు ఊ కొట్టే వంతు ఆయనకే ఇచ్చారు.